సోరియాసిస్‌కు ‘గ్రోత్ ఫ్యాక్టర్’ సీరం మందు కాదు

సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక ఆదివారం ఆరోగ్య పేజీలో సోరియాసిస్ గురించి ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ముప్పై ఏళ్లకు పైగా ఈ వ్యాధిని ఒంటి మీద మోస్తున్నవాడిని. డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. వ్యాసమంతటిలో నేను ఆగిపోయింది ఒక్క వాక్యం దగ్గరే. చర్మ కణాలు విచ్చలవిడిగా పెరిగిపోవడమే సోరియాసిస్ అని రాసిన వ్యాసకర్త, ఆ పెరుగుదల ఎందుకు మొదలవుతుందో, ఎవరి ఆజ్ఞ మీద సాగుతుందో చెప్పకుండానే ఆహార నియమాల్లోకి వెళ్లిపోయారు. అదే పేజీ అడుగున చర్మానికి రాసుకునే ‘గ్రోత్ ఫ్యాక్టర్’ సీరం ప్రకటన ఉంది. మర్నాడు పొద్దున్నే మా వీధి కుర్రవాడు ఒకడు, రెండు మోచేతుల మీదా పొలుసులున్నవాడు, ఆ పేజీ పట్టుకుని వచ్చి, “మాస్టారూ, ఇది రాస్తే నా చర్మం బాగుపడుతుందాండీ?” అని అడిగాడు. బాగుపడదని ఒక్క మాటలో చెప్పవచ్చు. కానీ ఎందుకు బాగుపడదో చెప్పడానికి నాకు గంట పట్టింది. ఆ గంటసేపు చెప్పిన విషయాన్ని మీ పాఠకుల ముందు పెట్టడానికే ఈ ఉత్తరం.

ముందుగా మామూలు చర్మం సంగతి. మన పై చర్మం చాలా చోట్ల పలుచని కాగితమంత మందమే ఉంటుంది. దాని అట్టడుగు వరుసలో ఉన్న కణాలు విభజన చెందుతూ, కొత్తగా పుట్టిన వాటిని పైకి నెడుతూ ఉంటాయి. పైకి వెళ్లే కణం దారిలో కెరటిన్ అనే గట్టి ప్రొటీనును నింపుకొని, కేంద్రకాన్ని పోగొట్టుకొని, చివరకు ప్రాణం లేని పలుచని రేకుగా మారి, మనకు తెలియకుండానే రాలిపోతుంది. ఈ ప్రయాణానికి సుమారు నాలుగు వారాలో, అంతకంటే కొంచెం ఎక్కువో పడుతుంది. సోరియాసిస్ మచ్చలో అదే ప్రయాణం మూడు నుంచి అయిదు రోజుల్లో ముగిసిపోతుంది. అంత హడావిడిలో కణానికి పక్వమయ్యే వ్యవధి దొరకదు. పైకి చేరిన పొలుసులో కూడా కేంద్రకం మిగిలే ఉంటుందని సూక్ష్మదర్శినిలో చూస్తే తెలుస్తుంది. పక్కపక్క కణాలు ఒకదాన్నొకటి సరిగా విడవవు కనుక పొడిగా రాలిపోవలసినవి వెండి రంగు పొరలుగా పేరుకుంటాయి. కణం పెరుగుదల ‘విచ్చలవిడి’ అనిపించేది ఇక్కడే. నిజానికి అది విచ్చలవిడి కాదు, అందిన ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించడం.

ఆ ఆజ్ఞలను మోసే అణువులనే వృద్ధి కారకాలు, అంటే గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు. ఇవి చాలా వరకు చిన్న ప్రొటీన్లు. కణం ఉపరితలం మీద తమ కోసం ఉన్న గ్రాహకానికి (రిసెప్టర్‌కు) అతుక్కొని, లోపలికి ‘విభజించు’, ‘కదులు’, ‘బతికి ఉండు’ అనే సంకేతాలు పంపుతాయి. వీటిలో చర్మానికి అన్నిటికంటే దగ్గరిదైన ఈజీఎఫ్ (ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, అంటే పై చర్మపు వృద్ధి కారకం) బయటపడిన తీరును పాఠం చెప్పిన ప్రతి ఏడూ విద్యార్థులకు ఇష్టంగా చెప్పేవాడిని. స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, ఇటలీ శాస్త్రవేత్త రీటా లెవీ-మోంటాల్చినీ బృందంలో నాడుల పెరుగుదలను పరిశీలిస్తూ, ఎలుకల లాలాజల గ్రంథుల సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించారు. మామూలుగా రెండు వారాలకు కళ్లు తెరవవలసిన పిల్లలు వారం రోజులకే తెరిచాయి, పళ్లు కూడా ముందే వచ్చాయి. ఇదేదో కల్తీ వల్ల వచ్చిన ఫలితమని పక్కన పెట్టకుండా ఆయన దాని వెంట పడి, 1962లో ఆ ప్రొటీనును వేరుచేసినట్టు ప్రకటించారు. కనురెప్పల చర్మ కణాలను తొందరపెట్టి కళ్లు తెరిపించింది ఆ ప్రొటీనే. ఈ పరిశోధనలకే 1986లో కోహెన్‌కూ, లెవీ-మోంటాల్చినీకీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. (ఎలుక తన గాయాన్ని నాకడం వెనుక ఈ ప్రొటీను కూడా ఉంది. అంతమాత్రాన గాయాలకు ఉమ్మి రాసే మన పాత అలవాటును నేను సమర్థిస్తున్నానని అనుకోవద్దు. నోటి సూక్ష్మజీవులు కూడా ఆ ఉమ్మిలోనే ఉంటాయి.)

చేయి తెగిందనుకుందాం. గాయం అంచున ఉన్న కెరటినోసైట్లు, అంటే చర్మ కణాలు, తమ మామూలు పని మానేసి మరమ్మతు పనిలోకి దిగుతాయి. వేగంగా విభజన చెందుతాయి, మామూలప్పుడు పెద్దగా తయారుచేయని కెరటిన్ రకాలను తయారుచేస్తాయి, రక్త కణాలను సాయానికి పిలుస్తాయి, కొత్త రక్తనాళాలు రప్పిస్తాయి. గాయం పూడగానే ఆ సంకేతాలు తగ్గి, చర్మం మళ్లీ తన నింపాది బతుకులోకి వస్తుంది. సోరియాసిస్ మచ్చను పరీక్షించిన శాస్త్రవేత్తలకు అక్కడ కనబడింది దాదాపుగా ఈ చిత్రమే: అవే కెరటిన్ రకాలు, అదే వేగం, అవే పిలుపులు. లేనిది గాయం ఒక్కటే. ఇల్లు కాలకపోయినా ఫైరింజను వచ్చి నీళ్లు కొడుతూనే ఉంటే ఇంటికి ఏమవుతుందో, చర్మానికి అదే అవుతుంది.

1989లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సోరియాసిస్ మచ్చల్లోని పై చర్మంలో టీజీఎఫ్-ఆల్ఫా అనే వృద్ధి కారకం మామూలు కంటే చాలా ఎక్కువగా ఉన్నట్టు చూపారు. ఇది ఈజీఎఫ్‌కు దగ్గరి చుట్టం. ఆ గ్రాహకాన్నే పట్టుకుంటుంది. విశేషమేమిటంటే దీన్ని తయారుచేసేది చర్మ కణమే, అందుకునేదీ చర్మ కణమే. మొదట అది కణం పొర మీద కట్టేసినట్టు ఉంటుంది. ఒక ఎంజైము దాన్ని కత్తిరించి వదలగానే పక్క కణాన్నీ, కొన్నిసార్లు తనను పుట్టించిన కణాన్నీ తొందరపెడుతుంది. తర్వాత ఇదే కుటుంబంలోని యాంఫిరెగ్యులిన్ కూడా మచ్చల్లో ఎక్కువగా ఉన్నట్టు తేలింది. మామూలు చర్మంలో ఈ గ్రాహకాలు ముఖ్యంగా అడుగు వరుసకు పరిమితమై, పైకి పోయేకొద్దీ తగ్గిపోతాయి. సోరియాసిస్‌లో పై వరుసల్లో కూడా మిగిలే ఉంటాయి. పైకి వెళ్లి ప్రశాంతంగా రాలిపోవలసిన కణం కూడా ఇంకా ‘పెరుగు’ అన్న మాట వింటూనే ఉందన్నమాట.

ఇక్కడ పేర్లతో ఒక చిక్కుంది. టీజీఎఫ్-ఆల్ఫా, టీజీఎఫ్-బీటా అన్నవి అన్నదమ్ముల పేర్లలా వినబడతాయి గాని, వాటి మధ్య బంధుత్వమే లేదు. మొదటిది చర్మ కణాన్ని తొందరపెడితే, రెండోది సాధారణంగా దాని విభజనను నిదానింపజేస్తుంది. ‘గ్రోత్ ఫ్యాక్టర్’ అన్న పేరు తగిలించుకున్న ప్రతి అణువూ పెరుగుదలనే ఇస్తుందని అనుకోవడం పేరును చూసి మోసపోవడమే. సీరం సీసా మీద ‘గ్రోత్ ఫ్యాక్టర్లు’ అని బహువచనంలో రాసి ఊరుకునేవారు, ఏది, ఎంత, ఏ చర్మానికి అన్నది చెప్పరు.

అయితే వృద్ధి కారకం ఎక్కువ కావడమే జబ్బంతా అని తేల్చేస్తే, అది కూడా మీ వ్యాసకర్త చేసిన పొరపాటు వంటిదే అవుతుంది. చర్మంలో టీజీఎఫ్-ఆల్ఫా ఎక్కువగా తయారయ్యేటట్టు జన్యువులు మార్చిన ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో వాటి చర్మం మందమెక్కింది, పొలుసులు కట్టింది. కానీ మనుషుల్లో కనబడే సోరియాసిస్ పూర్తి రూపంలో రాలేదు. యాంఫిరెగ్యులిన్ ఎక్కువగా తయారయ్యేటట్టు మార్చిన ఎలుకల్లో మాత్రం పొలుసులతో పాటు రోగనిరోధక కణాలు కూడా చర్మంలోకి వచ్చి చేరి, రూపం మరింత దగ్గరయింది. అంటే చర్మ కణం ఆజ్ఞను వినేదే కాదు, తిరిగి కేకలు వేసి రక్షణ కణాలను పిలవగలది కూడా. జబ్బు మొదలయ్యేది చర్మ కణంలోనా, రక్షణ కణంలోనా అన్న కోడి ముందా గుడ్డు ముందా వాదన ఈ రంగంలో చాలా ఏళ్లు నడిచింది.

ఆ వాదనను ఒక వైపుకు మొగ్గించింది ఒక అనుకోని సంఘటన. 1979లో కీళ్ల జబ్బుకు సైక్లోస్పోరిన్ ఇచ్చిన కొందరు రోగుల్లో సోరియాసిస్ మచ్చలు కూడా మాయమైనట్టు వైద్యులు గమనించారు. అవయవ మార్పిడిలో శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా వాడే ఆ మందు ముఖ్యంగా టి కణాలనే లిమ్ఫోసైట్లను, అంటే రక్షణ పని చేసే ఒక రకం తెల్ల రక్తకణాలను అణచివేస్తుంది. టి కణాలు అణగితే చర్మ కణాల వేగం కూడా అణిగిందంటే, అసలు ఆజ్ఞ ఎక్కడ పుడుతోందో అర్థమైంది. తర్వాతి సంవత్సరాల్లో ఆ దారి వివరంగా తెలిసింది. రక్షణ కణాల్లో కొన్ని ఇంటర్‌లూకిన్-23 అనే సంకేతం ఇస్తాయి. దాని ప్రోద్బలంతో టి కణాలు ఇంటర్‌లూకిన్-17, ఇంటర్‌లూకిన్-22లను విడుదల చేస్తాయి. 22వది చర్మ కణాన్ని పక్వం కానివ్వకుండా విభజన వైపు నెడుతుంది. 17వది చర్మ కణం చేత మరిన్ని పిలుపులు పంపించి, తెల్ల రక్తకణాలనూ, మళ్లీ టి కణాలనూ అక్కడికే రప్పిస్తుంది. ఇలా రెచ్చిపోయిన చర్మ కణం టీజీఎఫ్-ఆల్ఫా వంటి వృద్ధి కారకాలను తానే మరింతగా వదులుతుంది. ఇదొక చక్రం. ఇందులో వృద్ధి కారకాలది తెలుగు పల్లెల్లో దండోరా వేసేవాడి పాత్ర. అతను డప్పు గట్టిగా కొడతాడు, ఊరంతా కదులుతుంది; కానీ ఏం చాటాలో నిర్ణయించేది అతను కాదు.

ఈ చరిత్రలో మనవాడొకరు ఉన్నారన్న సంగతి మీ వ్యాసంలో రాకపోవడం నాకు వెలితిగా తోచింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన పరిశోధక బృందం కణ విభజనకు కావలసిన ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌కు ఎదురు నిలిచే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులను తయారుచేసింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు మొదట వాడింది వీటినే. సుబ్బారావు గారు 1948లో మరణించారు. 1951లో కీళ్లవాతం రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చి చూస్తున్న అమెరికా వైద్యులకు, వారిలో సోరియాసిస్ ఉన్నవారి చర్మం తేటపడడం కనిపించింది. నేటికీ తీవ్రమైన సోరియాసిస్‌కు ప్రపంచమంతటా విరివిగా వాడే మాత్ర మెథోట్రెక్సేట్. చాలా కాలం వరకు అది చర్మ కణాల విభజనను నేరుగా ఆపుతుందనే అనుకున్నారు, ఎందుకంటే అప్పటికి అందరి చూపూ కణం వేగం మీదే ఉండేది. సోరియాసిస్‌కు ఇచ్చే కొద్దిపాటి మోతాదులో ఆ మందుకు చర్మ కణాల కంటే టి కణాలే ఎన్నో రెట్లు సులువుగా లొంగుతాయని తర్వాత తేలింది. మీ వ్యాసంలో దీన్ని ‘క్యాన్సర్ మందు’ అని ఒక్క ముక్కలో రాశారు. ఆ ముక్క చదివి భయపడి మందు మానేసినవారు ఒక్కరున్నా నష్టమే. రాయవలసిన జాగ్రత్తలు వేరే ఉన్నాయి: అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం, మద్యం ముట్టకూడదు, గర్భం ధరించే ఆలోచన ఉన్నవారు వైద్యునికి ముందే చెప్పాలి, రక్త పరీక్షలు, కాలేయ పరీక్షలు క్రమం తప్పకూడదు.

వృద్ధి కారకాల్లో మరో రెండింటి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రోగి కంటికి కనబడే లక్షణాలు వాటితో ముడిపడి ఉన్నాయి. ఒకటి వీఈజీఎఫ్. ఇది రక్తనాళాలను పెంచుతుంది. సోరియాసిస్ మచ్చలోని చర్మ కణాలు దీన్ని ఎక్కువగా వదులుతాయి కనుక మచ్చ కింద సన్నని రక్తనాళాలు మెలికలు తిరిగి పైకి వస్తాయి. మచ్చ ఎర్రగా ఉండడానికీ, పొలుసు గీకితే సూది మొనలంత రక్తపు చుక్కలు కనబడడానికీ కారణం ఇదే. మన నల్లని ఒంటి మీద ఆ ఎరుపు ఊదా రంగులోనో, బూడిద రంగులోనో కనబడడం వల్ల తామర అని పొరబడేవారు చాలామంది. రెండోది నాడులను పెంచే ఎన్‌జీఎఫ్, లెవీ-మోంటాల్చినీ కనుగొన్నది. దీని మోతాదు కూడా మచ్చల్లో ఎక్కువే. దురదకూ దీనికీ సంబంధం ఉంది. ఏదైనా గాయం వల్ల నాడి తెగి స్పర్శ పోయిన చోట సోరియాసిస్ మచ్చ తనంతట తాను తగ్గిపోయిన రోగుల వివరాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మనోవేదన పెరిగితే మచ్చలు పెరుగుతాయని రోగులు చెప్పే మాటను చాదస్తమని కొట్టిపారేయకుండా వినడానికి ఇదొక కారణం.

ఇప్పుడు ఆ కుర్రవాడు అడిగిన రెండో ప్రశ్నకు వస్తాను. “వృద్ధి కారకమే తొందరపెడుతుంటే దాన్నే ఆపే మందు ఇవ్వవచ్చు కదండీ?” నా విద్యార్థులు కూడా ఇంత సూటిగా అడిగి ఉండరు. ఈజీఎఫ్ గ్రాహకాన్ని మూసివేసే మందులు ఉన్నాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ, పెద్దపేగు క్యాన్సర్‌కూ వాడుతున్నారు. వాటిని వాడేవారిలో చాలామందికి ముఖం మీదా ఛాతీ మీదా మొటిమల వంటి పొక్కులు లేస్తాయి, చర్మం పొడిబారి పగులుతుంది. మామూలు చర్మం నిలబడడానికి కూడా ఆ గ్రాహకం అవసరమని అవి గుర్తుచేస్తాయి. అందుకే సోరియాసిస్‌కు అవి మందుగా నిలదొక్కుకోలేదు. డప్పును లాక్కోవడం కంటే చాటింపు పంపేవారిని నిలువరించడమే మేలని వైద్యం ఆ దారి పట్టింది. వాపును రేపే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే సంకేతాన్ని, ఇంటర్‌లూకిన్-17ను, 23ను అడ్డుకునే బయోలాజిక్ (జీవకణాల్లో తయారుచేసే) ఇంజెక్షన్లు ఆ దారిలో వచ్చినవే. ఖరీదు మధ్యతరగతికి కూడా భారమే. పైగా క్షయ దాగి ఉందేమో పరీక్షించకుండా వాటిని మొదలుపెట్టకూడదు, మన దేశంలో ఇది మరీ ముఖ్యం. పైపూతల్లో విటమిన్ డి నుంచి వచ్చిన కాల్సిపోట్రియాల్ చర్మ కణాన్ని నిదానింపజేసి పక్వం కానిస్తుంది. అది కూడా 1985లో జపాన్‌లో ఎముకల బలహీనతకు విటమిన్ డి రూపం ఒకటి వాడిన రోగికి సోరియాసిస్ తగ్గడం చూసి అల్లుకున్న ఆలోచన నుంచి వచ్చినదే.

ఇక సీరం మాట. వృద్ధి కారకాలు నిజంగానే మందులు కావని నేను అనను. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ సంస్థ మానవ ఈజీఎఫ్‌ను ప్రయోగశాలలో తయారుచేసి, మధుమేహం వల్ల వచ్చే మానని పాదాల పుండ్లకు జెల్‌గా అందిస్తోంది. అక్కడ కణాలు పెరగవలసినంత పెరగడం లేదు కనుక పెరగమని చెప్పడంలో అర్థం ఉంది. సోరియాసిస్‌లో కణాలు ఇప్పటికే ఆ మాటను అవసరానికి మించి వింటున్నాయి. ముఖం ముడతలకని అమ్మే సీరం, కారణం కనుక్కోకుండా ‘చర్మ సమస్యలన్నిటికీ’ అని రాసుకుంటే, ఆ ‘అన్నిటిలో’ సోరియాసిస్ ఉన్న మోచేయి కూడా చేరిపోతుంది. ప్రకటన వ్యాసం పక్కనే ఉండడం వల్ల వ్యాసమే దాన్ని సిఫారసు చేసినట్టు ఆ కుర్రవాడికి అనిపించింది. అతని తప్పేమీ లేదు.

నా అనుభవం ఒకటి చెప్పి, ఆపై విన్నపం చేస్తాను. వ్యాధి వచ్చిన కొత్తలో ఒక నాటువైద్యుని దగ్గర పొట్లాల మందు వాడాను. రెండు వారాల్లో ఒళ్లు అద్దంలా అయింది. ఊళ్లో పదిమందికి ఆయన పేరు నేనే చెప్పాను. ఆ పొడి అయిపోయి, తిరిగి తెచ్చుకోవడం ఆలస్యమైన నెలలో తల నుంచి కాళ్ల దాకా ఎర్రబారి, పొలుసులు దుప్పటి మీద గుప్పెళ్లతో ఎత్తేటంతగా రాలి, చలితో వణుకుతూ ఆసుపత్రిలో చేరాను. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుందని అక్కడి వైద్యులు అన్నారు. లోపలికి తీసుకునే స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే, అణిచిపెట్టిన సంకేతాలన్నీ ఒక్కుమ్మడిగా లేస్తాయి. ఆ రోజుల్లో సెలూన్‌లో నా తల ముట్టుకోవడానికి సంకోచించేవారు. మా బంధువుల ఇంట నాకు వేరే కంచం పెట్టారు. ఐరోపాలో కూడా 1841లో వియన్నా చర్మవైద్యుడు ఫెర్డినాండ్ వాన్ హెబ్రా స్పష్టంగా వేరుచేసేదాకా దీన్ని కుష్ఠుతో కలిపే చూశారు గనుక, మా బంధువుల మీద నాకు కోపం లేదు. కానీ ఇది అంటువ్యాధి కాదు, చెడు రక్తం కాదు, క్యాన్సరూ కాదు. మచ్చలోని కణాలు ఎంత వేగంగా పెరిగినా పక్క కణజాలంలోకి చొరబడవు, చికిత్సతో శాంతించాక సాధారణంగా గాయపు మచ్చ కూడా మిగల్చవు. ఆజ్ఞ ఆగితే ఆగేవి కనుకనే అలా జరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సమావేశమైన ప్రపంచ ఆరోగ్య సభ 2014లో సోరియాసిస్‌పై ప్రత్యేకంగా ఒక తీర్మానం చేసింది. రోగుల మీద చూపే వివక్షను అందులో ప్రస్తావించింది. ఏటా అక్టోబరు 29న సోరియాసిస్ దినం జరుగుతుంది. ఆ రోజున మీరు తప్పకుండా మళ్లీ ఒక వ్యాసం వేస్తారు. అందులో కీళ్ల నొప్పుల సంగతి విడిచిపెట్టవద్దని కోరుతున్నాను, ఎందుకంటే రోగుల్లో సుమారు మూడో వంతు మంది దాకా కీళ్లు కూడా దెబ్బతినవచ్చు, ఆలస్యమైతే వేళ్లు వంకర పోతాయి. వ్యాసాన్ని అచ్చుకు పంపే ముందు ఒక చర్మవైద్యునికి చూపించండి. ఆ పేజీలో ఏ సీరం, ఏ పొడి ప్రకటనా లేకుండా చూడండి. పోయిన వ్యాసంలోని ‘విచ్చలవిడిగా’, ‘క్యాన్సర్ మందు’ అన్న రెండు మాటలకు మీ సవరణల గడిలో చోటివ్వగలిగితే, దాన్ని కత్తిరించి ఆ కుర్రవాడికి ఇస్తాను. అతను వచ్చే బుధవారం జిల్లా ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి వెళ్తున్నాడు.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి